మా ఇంటిపేరు వెదకిన వైనం

తెలుగువారికి ఇంటిపేరు పేరుకు ముందు నడుస్తుంది. పెక్కు ఇతర దేశాలలోను, మన దేశంలోనే పెక్కు ప్రాంతాలలోను అది వెనుక నడుస్తుంది. ముందు నడవడంలో గౌరవమున్నది, ప్రమాదమూ ఉన్నది. ఇంగ్లీషు కాగితం మీదికి ఎక్కగానే ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా కుదించుకుపోతుంది. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి. గిరి గారి మొదటి 'వి'లో వరాహగిరి వారి ఇల్లంతా ఒదిగి ఉన్నది. పి.వి. నరసింహారావు గారి 'పి'లో పాములపర్తి ఉన్నది. అయినను ఢిల్లీ ఆంగ్ల పత్రికలకు ఆయన 'రావు' మాత్రమే. అంతటి మహనీయుల పేరులోని అక్షరాన్ని విప్పి చెప్పేవారు ఎందరైనా ఉంటారు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన ఒక సామాన్య ఫిట్టరు పేరుకు ముందున్న అక్షరం సంగతి అట్లు కాదు. ఆయన పోతే దాని అర్థమూ ఆయనతోనే పోతుంది. మా ఇంట ఆ అక్షరం 'సి'.

మేము పుట్టి పెరిగినది పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, గోల్‌బజార్ చేరువన. మన కర్మాగారంలో చేరి ముప్పది సంవత్సరాలు దాటినా, సహోద్యోగులు నేటికీ మమ్మల్ని 'ఖరగ్‌పూర్ వారు' అనే పరిచయం చేస్తారు. బెంగాల్‌లో పెరిగిన మీకు ఇంత తెలుగు ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయేవారూ ఉన్నారు. గోల్‌బజార్‌లో ఒక్క సాయంకాలం నిలబడితే ఆ ప్రశ్న పుట్టదు. కూరగాయల బేరం బంగ్లాలో మొదలై, హిందీలో ముదిరి, తెలుగులో కుదిరే చోటు అది. ఆ తెలుగు కూడా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల తెలుగే. 'ఏటి', 'ఎవులు' అన్న మాటలు నూరేళ్ళకు పైగా అక్కడ చెక్కుచెదరక నిలిచి ఉన్నాయి.

ఇందుకు కారణం రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. కటకం నుంచి బెజవాడ దాకా మన కోస్తా వెంబడి వేసిన ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893 – 1896 సంవత్సరాల నడుమ అంచెలంచెలుగా రాకపోకలకు సిద్ధమైనది. 1900లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నది మీద వంతెన తెరవడంతో ఖరగ్‌పూర్‌కు హౌరాతో సంబంధం కుదిరింది. 1902లో కోస్తా లైను ఉత్తర భాగం, పూరీ శాఖతో సహా 514 కిలోమీటర్లు, బెంగాల్ నాగపూర్ రైల్వే అధీనంలోకి వచ్చింది. 1904లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు మొదలైనది. ఈ తేదీలను వరుసగా పేర్చి చూస్తే చాలు, వేరే చరిత్ర చెప్పనక్కరలేదు: పని అక్కడ, పని కావలసిన మనుషులు ఇక్కడ, నడుమ ఒకే కంపెనీ వారి పట్టాలు. అట్లు వెళ్ళిన వేలాది మందిలో మా ముత్తాతగారు ఒకరు. పందొమ్మిదవ శతాబ్దంలో పుట్టి, వర్క్‌షాపు తెరిచే నాటికే ఖరగ్‌పూర్ చేరుకున్న మనిషి. ఆయన గురించి మా ఇంట తెలిసినది ఇంతే.

ఇంత తక్కువ తెలియడానికి కారణం ఉన్నది. ముత్తాతగారి కుమారుడైన మా తాతగారు కూడా ఆ వర్క్‌షాపులోనే ఫిట్టరు. 1947 నాటికి తాతగారు, నాయనమ్మ ఇద్దరూ కాలం చేశారు. అప్పటికి మా మేనత్తకు తొమ్మిదేళ్ళు, మా నాన్నగారికి ఐదేళ్ళు. తాతగారితో ఒకే షాపులో పనిచేసిన ఒక పెద్దమనిషి ఆ పిల్లలిద్దరినీ తన క్వార్టరుకు తీసుకొనిపోయి సొంత బిడ్డలతో సమానంగా పెంచాడు. రక్త సంబంధం ఏమీ లేదు. పక్క పక్క క్వార్టర్ల బంధుత్వం. రైల్వే కాలనీలలో అటువంటి బంధుత్వాలు ఎన్నో ఉండేవి. నాన్నగారు ఆయనను పెదనాన్న అని పిలిచేవారు, మేము పెదతాత అనేవారము. ఆయన పెట్టిన అన్నానికి మా వంశం ఎన్నటికీ ఋణపడి ఉంటుంది. ఈ మాట ముందే చెప్పడానికి కారణం, కథలో ఇక ముందు వచ్చే చిక్కు కూడా ఆయన సదుద్దేశం నుంచే పుట్టినది.

నాన్నగారిని బడిలో వేసేటప్పుడు ఇంటిపేరు ఏమిటని అడిగారట. పెదతాత దగ్గర ఉన్న ఆధారం తాతగారి ప్రావిడెంట్ ఫండ్ పుస్తకం ఒక్కటే. అందులో పేరుకు ముందు 'సి' అన్న అక్షరం, స్వస్థలం వద్ద గంజాం జిల్లా అన్న మాట. ఇంగ్లీషు 'సి' కనుక అది 'చ' అయి ఉంటుందనీ, ఆ వైపు చింతాడ వారు ఉన్నారు కనుక మనదీ చింతాడే అయి ఉంటుందనీ ఆయన నిర్ణయించారు. అంతటితో మేము చింతాడ వారమైనాము. బెంగాలీ గుమాస్తాలకు ఇది పట్టలేదు. వారికి కావలసినది 'టైటిల్', అనగా పేరు చివర ఉండే మాట. పేరు చివర ఉన్నది 'రావు' కనుక అదే టైటిల్ అయి కూర్చున్నది. ఖరగ్‌పూర్ తెలుగువారిలో ఇంతమంది రావులు ఉండడానికి కారణం ఇదే. ఒకరికొకరు ఏమీ కాని ఇండ్లన్నీ రేషను కార్డు మీద ఒకే వంశం వలె కనిపిస్తాయి.

మా ఇంట ఇంకొక కథ కూడా ప్రచారంలో ఉండేది. ముత్తాతగారి ఇంటిపేరు నోరు తిరగక ఒక తెల్లదొర కలంతో కొట్టివేసి 'సి' అని వ్రాశాడని. చిన్నప్పుడు ఈ కథ విని మేము ఆ దొరను ఎంతగా తిట్టుకున్నామో!

2024లో మా అబ్బాయికి అమెరికాలో ఆడపిల్ల పుట్టినది. ఆసుపత్రిలో జనన పత్రం కోసం బిడ్డ ఇంటిపేరు వ్రాయమన్నారు. అబ్బాయి రాత్రి పూట ఫోను చేసి, "నాన్నగారూ, రావు అన్నది మన ఇంటిపేరు కాదు కదా. చింతాడ అన్నది కూడా పెదతాతగారి ఊహే అంటారు. మరి మనది ఏమిటి?" అని అడిగాడు. వ్యవధి లేనందున ఆ కాగితం మీద 'రావు' అనే వ్రాసి ఇచ్చారు. కాని ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. యాభై ఎనిమిదేళ్ళ వయస్సులో, ఒక ఇంజనీరుగా ఎన్నో యంత్రాల మూలాలు వెదకి మరమ్మతు చేయించినవారము, సొంత పేరు ఎక్కడిదో చెప్పలేకపోవడం చిన్నతనంగా తోచింది.

అమెరికాలో వంశమూలాలు వెదకడం చాలామందికి ఒక వ్యాసంగమని అబ్బాయి చెప్పాడు. అక్కడ పందొమ్మిదవ శతాబ్దపు పూర్వీకుని వెదకేవారికి జనాభా లెక్కల పుస్తకాలు, ఓడ ప్రయాణికుల జాబితాలు దొరుకుతాయి. దొరకనివారూ ఉన్నారు. 1850, 1860 లెక్కలలో బానిసలకు పేర్లు వ్రాయలేదు. యజమాని పేరు కింద వయస్సు, ఆడ మగ, రంగు మాత్రమే వ్రాశారు. దాస్య విముక్తులైన నల్లజాతివారిలో అత్యధికుల పేర్లు మొదటిసారి కనిపించేది 1870 లెక్కలలోనే. అక్కడ కూడా మా దొర కథ వంటి కథ ఒకటి ఉన్నదట. 1892లో న్యూయార్క్ రేవులో తెరచిన ఎల్లిస్ దీవిలో గుమాస్తాలు వలస వచ్చినవారి పేర్లు నోరు తిరగక మార్చివేశారని ఎన్నో కుటుంబాలు చెప్పుకుంటాయి. వాస్తవానికి ఆ గుమాస్తాలు బయలుదేరిన రేవులో తయారైన ఓడ జాబితాను ముందు పెట్టుకొని సరిచూసేవారు. పేర్లను మార్చుకొన్నవారు చాలావరకు ఆ వలస వచ్చినవారే, స్థిరపడిన తరువాత, తమ సౌకర్యం కోసం.

ఇది విన్న తరువాత తాతగారి పుస్తకాన్ని మరల తీసి చూశాము. అది 1931 నాటిది. లోపల ఆయన స్వహస్తంతో చేసిన సంతకం ఉన్నది. సొంత చేతితో, తడబాటు లేని ఇంగ్లీషు అక్షరాలలో, 'సి' అనే వ్రాసుకొన్నారు. ఆ సంతకం చేయించిన దొర ఎవ్వరూ లేరు. పాపం, ఆ ఊరూ పేరూ లేని దొర ఇన్నేళ్ళు మా ఇంట నిందలు మోశాడు.

మన తెలుగువారే కొందరు సముద్రం దాటి వెళ్ళారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి చెరకు తోటల కూలీలతో డర్బన్ చేరింది. ఆ ఓడల జాబితాలలో మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరు, ఒంటి మీది గుర్తులు సహితం వ్రాశారు. మారిషస్‌లోని మహాత్మా గాంధీ సంస్థలో అట్టి వలసదారుల దస్తావేజులు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వాటి ఆధారంతో ముని మనుమలు వచ్చి మన పల్లెలలో ఇల్లు వెదకుకొన్న సందర్భాలున్నాయి. వారిని బానిసల వలె లెక్కపెట్టి పంపినందువల్లనే ఆ వివరాలు మిగలడం ఒక విచిత్రం. మా ముత్తాతగారు ఎక్కినది ఓడ కాదు, రైలు. మూడవ తరగతి టిక్కెట్టు మీద ప్రయాణికుని పేరు ఉండేది కాదు. గమ్యం చేరగానే ఆ టిక్కెట్టు కూడా గేటు దగ్గర తీసుకొనేవారు.

ఇక మిగిలినవి రెండే ఆధారాలు: 'సి' అన్న అక్షరం, గంజాం అన్న జిల్లా. మా పినతండ్రి వరుస వారొకరు బరంపురంలో ఉద్యోగం చేసినప్పుడు ఒడిశాలోని గంజాం జిల్లా అంతా వాకబు చేసి విసిగి వచ్చారు. తాతగారి పుస్తకం 1931 నాటిదన్న సంగతి ఇక్కడ ముఖ్యం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు గంజాం మద్రాసు రాజధానిలోని జిల్లా. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం ప్రాంతాలన్నీ అందులోనివే. ఆ తరువాత అవి విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లాగా విడివడ్డాయి. మనుషులు కదలకుండానే ఊళ్ళు జిల్లాలు మారిన తీరు ఇది. కనుక వెదకవలసిన నేల బరంపురానికి దక్షిణాన కూడా ఉన్నది.

అక్షరం మాత్రం తెగలేదు. అందుకని 2025 శీతాకాలంలో సెలవు పెట్టి ఖరగ్‌పూర్ వెళ్ళాము. మా మేనత్త ఇప్పటికీ గోల్‌బజార్ వెనుక వీధిలోనే కుమారుని వద్ద ఉంటున్నది. ఎనభై ఏడేళ్ళు. చూపు మందగించినది కాని మాట పదును తగ్గలేదు. విషయం చెప్పగానే ఆమె అన్న మొదటి మాట ఇది: "ఒరే నాయినా, మనది సింతాడ కాదని నాను అప్పుడే సెప్పాను. ఎవులిన్నారు?"

ఆ 'అప్పుడే' అన్న మాట వెనుక 1956 ఉన్నది. ఆ సంవత్సరం అత్తకు ఒక సంబంధం వచ్చినది. అబ్బాయి రైల్వేలోనే ఉద్యోగి. ఇరువైపులా ఇష్టపడ్డారు. తీరా చూస్తే అబ్బాయి ఇంటిపేరు చింతాడ. ఒకే ఇంటిపేరు గలవారు అన్నాచెల్లెళ్ళ వరుస అవుతారు కనుక సంబంధం నిలిచిపోయినది. ఈ మాట మేము చిన్నతనంలో వినియే ఉన్నాము. మేము ఎరుగనిది ఏమిటంటే, పద్దెనిమిదేళ్ళ ఆ ఆడపిల్ల ఆనాడు నోరు తెరచి, మాది చింతాడ కాదు, 'ఉప్పు కాడి ఇల్లు' అని మా అమ్మ చెప్పేదని పెద్దల ముందు అన్నదట. పెదతాత పుస్తకం తెచ్చి చూపించి, "ఉప్పు అన్న మాట 'సి'తో మొదలవుతుందా అమ్మా?" అని అడిగారట. ఆ ప్రశ్నకు ఆమె వద్ద జవాబు లేదు. రెండేళ్ళ తరువాత వేరొక ఇంటికి కోడలై వెళ్ళినది. మంచి కాపురమే చేసినది. మామయ్య దేవుడి వంటి మనిషి. ఆ విషయంలో ఎవరికీ ఏ చింతా లేదు. కాని తన మాటను కాగితం మీది అక్షరం ఓడించినదన్న సంగతి ఆమె మరువలేదు.

'ఉప్పు కాడి ఇల్లు' అంటే ఏమిటి అత్తా అని అడిగాము. అంతకు మించి ఆమెకూ తెలియదు. తొమ్మిదేళ్ళ పిల్లకు తల్లి చెప్పినది అంతే. కొంతసేపు ఆలోచించి, లోపలి గదిలో బియ్యం డబ్బా వెనుకనున్న ఇత్తడి బిందెను తీసుకొని రమ్మన్నది.

ఆ బిందెకు ఒక చరిత్ర ఉన్నది. అది ముత్తవ్వగారు స్వగ్రామం నుంచి తెచ్చుకొన్నది. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో మరొకసారి పని స్తంభించినది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన వారిలో వి.వి. గిరి గారు ఉండేవారు. జీతాలు లేని ఆ నెలలలో మా ఇంటి ఇత్తడి సామానంతా తాకట్టుకు పోయినదట. విడిపించుకోగలిగినది ఈ ఒక్క బిందెనే. నాయనమ్మ తరువాత అది అత్తకు వచ్చినది.

పూర్వం పాత్రల మీద పేర్లు చెక్కించడం మన ఇండ్లలో ఆచారం కదా. బిందె మెడ కింద చుక్కలు చుక్కలుగా ఏవో అక్షరాలు ఉండేవని చేతికి తగిలేది. కాని నూరేళ్ళకు పైగా చింతపండు, బూడిద పెట్టి తోమిన ఇత్తడి అది. కంటికి ఏమీ ఆనలేదు. మన కర్మాగారంలో వెల్డింగు అతుకులలోని సన్నని పగుళ్ళను పట్టడానికి ఎర్రని ద్రవం పూసి, తుడిచివేసి, పైన తెల్లని పొడి చల్లే పరీక్ష ఉన్నది. పగుళ్ళలో మిగిలిన ఎరుపు తెలుపు మీదికి ఊరి వస్తుంది. తనిఖీ విభాగం మిత్రులకు ఇది నిత్యకృత్యం. ఆ రసాయనాలు అత్త బిందెకు తాకించే ధైర్యం ఎవరికున్నది? పూజ గూటిలోని కుంకుమను నూనెలో కలిపి రుద్దాము. గుడ్డతో గట్టిగా తుడిచి, పైన బియ్యపు పిండి చల్లాము. కొద్దిసేపటికి పిండి మీద ఎర్రని చుక్కలు ఒక్కొక్కటే తేలినవి.

మొదటి అక్షరం 'కొ'. అందులో సందేహం లేదు. రెండవది గుండ్రని అక్షరం, పక్కన దీర్ఘం. గుండ్రని అక్షరాలు మన లిపిలో తక్కువా? కాని దీని నడి పొట్టలో విడిగా ఒక చుక్క ఉన్నది. అక్షరమే చుక్కలతో కట్టినది కనుక ఆ నడిమి చుక్క అలికినదా, చెక్కినదా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాము. అత్త మనుమరాలు ఫోనుకు ఉన్న దీపాన్ని ఏటవాలుగా పట్టి చూపించినది. చుక్క తక్కినవాటి అంత లోతుగానే ఉన్నది. కనుక అది 'ఠా'. మూడవది 'రు'. కొఠారు. తరువాత 'వారి' అన్న రెండక్షరాలు సగం చెరిగి ఉన్నాయి. ఆపైన ఉన్నది ముత్తవ్వగారి పేరు. ఇంటి ఆడవారి పేరును పత్రికలో వేయడం అత్తకు ఇష్టం లేదు కనుక ఇక్కడ వ్రాయడం లేదు.

కొఠారు అంటే సరుకు నిలువ చేసే చోటు. సంస్కృతంలోని కోష్ఠాగారమే అట్లు మారినదంటారు. కొటారు అని కూడా పలుకుతారు. మన సముద్ర తీరంలో ఉప్పు పండించే మళ్ళను నేటికీ ఉప్పు కొఠార్లు అనే అంటారు. ఉప్పు కాడి ఇల్లు!

మరి 'సి' మాట ఏమిటి? దానికి జవాబు ఆ రాత్రి తోచినది. ఇంగ్లీషువారు మన 'క'ను ఏ అక్షరంతో వ్రాసేవారో పాత పటాలు చూసినవారికి తెలుసు. కాకినాడ వారి వ్రాతలో కోకనాడ, కడప వారి కుడ్డపా, కళింగపట్నం వారి కలింగపటాం. ఇవన్నీ 'సి'తోనే మొదలయ్యేవి. ఇంకొక సాక్ష్యం మా ఉద్యోగంలోనే ఉన్నది. మద్రాసు సెంట్రల్ స్టేషనుకు చేరువన సాల్ట్ కొటార్స్ అని పేరుపొందిన గూడ్సు యార్డు ఉన్నది. ఉక్కు సరుకు పంపిన కాగితాలలో ఆ పేరు చూసినప్పుడల్లా ఇదేమి మాట అనుకొనేవారము. ఉప్పు కొఠార్లు అన్న మాటకు దొరల రూపం అది. ఇంగ్లీషులో ఆ కొటార్స్ కూడా 'సి'తోనే మొదలవుతుంది. తాతగారు ఏ తప్పూ వ్రాయలేదు. ఆనాటి వాడుకను అనుసరించి కొఠారును 'సి' అని వ్రాసుకొన్నారు. పెదతాత కాలానికి ఆ వాడుక పోయినది.

తిరుగు ప్రయాణంలో నౌపడ స్టేషనులో దిగాము. పాత గంజాం జిల్లాలో ఉప్పు పండే చోట్లు ఇంకా ఉండేవి. నౌపడ తెలుగు గడ్డ మీద ఉన్నది, రైలు మార్గం మీదనే ఉన్నది కనుక మొదట అక్కడికే వెళ్ళాము. మేము వెళ్ళినది పంట మొదలయ్యే రోజులు. సముద్రపు నీటిని కాలువల ద్వారా మళ్ళలోకి పెట్టి, మడి నుంచి మడికి మారుస్తూ ఎండబెడతారు. నీటి చిక్కదనాన్ని బోమె డిగ్రీలలో కొలుస్తారు. సముద్రపు నీరు మూడు, మూడున్నర డిగ్రీలు ఉంటుంది. ఇరవై అయిదు దాటిన తరువాత ఉప్పు గింజ కడుతుంది. అంతకు ముందే సున్నపు లవణాలు అడుగున దిగిపోవాలి. ఇరవై తొమ్మిది వచ్చేసరికి మిగిలిన చేదు నీటిని బయటికి వదలివేయాలి. లేకపోతే ఉప్పు చెమ్మగిల్లుతుంది. ఇంత రసాయన శాస్త్రాన్నీ ఏ సాధనమూ లేకుండా నీటి రంగు చూసి చెప్పేవారు అక్కడ ఉన్నారు. మేము పనులు మాని మధ్యాహ్నం దాకా ఆ గట్ల మీదనే తిరిగాము.

తాటి కమ్మల కింద కుప్పబోసిన ఉప్పు పక్కన ఒక వృద్ధుడు కూర్చొని ఉన్నాడు. ఈ ప్రాంతంలో కొఠారు వారి ఇండ్లు ఏమైనా ఉన్నాయా అని అడిగాము. ఆయన నవ్వి, "కొఠారోళ్ళంటే ఇక్కడ మేవందరమూనండి, బాబూ" అన్నాడు. అనగా అది ఒక ఇంటి పేరు కాకపోవచ్చును. ఊళ్ళోవారు ఉప్పు మళ్ళలో పనిచేసే వారందరినీ పిలిచే పిలుపు కావచ్చును. బిందె చెక్కిన వ్యక్తి ఊరంతా పిలిచే పిలుపునే చెక్కాడేమో. ఇంటిపేర్లు చాలావరకు ఇట్లే పుడతాయని, ఊరిని బట్టి, వృత్తిని బట్టి ఇతరులు పెట్టినవే తరువాత వంశానికి అంటుకొంటాయని ఈ విషయం పరిశోధించిన పండితులు వ్రాశారు. పిలుపు ఎప్పుడు ఇంటిపేరు అవుతుంది? మా విషయంలో అయితే, ఊరు విడిచిన నాడు అయి ఉంటుంది. అందరూ కొఠారువారే అయిన చోట ఆ పేరుతో పని లేదు.

ముత్తాతగారు ఎందుకు ఊరు విడిచారన్నది ఊహించుకోవలసినదే. మద్రాసు రాజధానిలో 1805 నుంచి ఉప్పు ప్రభుత్వ గుత్తసొత్తు. పండించినవాడు తన ఇంటికి ఒక పిడికెడు తీసుకొనిపోయినా నేరమే. కైవారం కట్టిన గట్ల నడుమ, కావలివారి కళ్ళ ముందు చేసే పని. అటువంటి రోజులలో, 1893 తరువాత, ఆ మళ్ళ పక్కనుంచే రైలు కట్ట లేచినది. మట్టి తవ్వి, గట్టు పోసి, నీటి వాలు చూడడం తెలిసిన మనుషులు కట్ట పనికి కావాలి. ఉప్పు మడి కట్టేవానికి అది కొత్త విద్య కాదు. కట్ట ఎటు పోతే అటు పోయి ఉంటాడు. కట్ట పని అయిపోయిన చోట ఇనుము పని దొరికి ఉంటుంది. దీనికి మా వద్ద కాగితం లేదు. తేదీలు మాత్రం ఒకదానికొకటి సరిపోతున్నాయి.

నౌపడలో కొన్న ఉప్పు ఒక సంచెడు, ఈ సమాచారమంతా మూటగట్టుకొని మరుసటి నెలలో మళ్ళీ గోల్‌బజార్ వెళ్ళాము. ఫోనులో చెప్పవలసిన సంగతి కాదనిపించినది. అత్త అంతా విన్నది. నడుమ ఒక్క ప్రశ్న వేయలేదు. కొఠారు అన్న మాటను 'సి'తో వ్రాసేవారని చెప్పినప్పుడు మాత్రం, "సితోటా?" అని ఒకసారి అడిగి, కాసేపు గోడ వైపు చూసినది. ఆ నిమిషంలో ఆమె ఏమనుకొన్నదో మేము అడగలేదు. తరువాత ఉప్పును వేలితో తీసి నాలుక మీద వేసుకొని, "ముతక ఉప్పు. ఊరగాయకి బాగుంటాది" అన్నది.

అమెరికాలోని పసిబిడ్డకు ఇంటిపేరు మార్చాలా అని మా అబ్బాయి అడిగిన ప్రశ్నను ఆమె ముందు పెట్టాము. "రావు అంటేనే మీ తాతకి జీతవొచ్చింది, మీ నాన్నకి పింఛనీ వొచ్చింది. దాన్నేటి సేస్తావు? ఉండనీ" అన్నది. ఆ మాటతో మేము ఏకీభవిస్తున్నాము. నాలుగు తరాలు మోసిన పేరు కూడా పేరే. ఐతే బిందె ఆ పిల్లకు చేరాలన్నది ఆమె కోరిక. పైన అక్షరాలు మళ్ళీ చెక్కించి, కింద పిల్ల పేరు వేయించమన్నది.

గోల్‌బజార్‌లో పాత్రల దుకాణంలో ఇప్పుడు ఆ పనికి చిన్న విద్యుత్ యంత్రం ఉన్నది. దుకాణదారుకు తెలుగు లిపి రాదు. కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసి ఇస్తే, బొమ్మ గీసినట్లుగా ఓపికగా చుక్కలు పెట్టాడు. ఇంటికి తెచ్చి అత్త ఒళ్ళో పెట్టాము. మూడవ తరగతి వరకు చదివిన చదువది. కళ్ళు మూసుకొని చూపుడు వేలితో ఒక్కొక్క అక్షరమే తడిమి చూసినది. రెండవ అక్షరం దగ్గర వేలు ఆగినది.

"ఠాలో సుక్క మర్సిపోనాడు. మళ్ళీ అట్టుకెళ్ళు."

మళ్ళీ తీసుకొని వెళ్ళాము. దుకాణదారు కాగితంతో పోల్చి చూసుకొని, నాలుక కరచుకొని, నడి పొట్టలో ఒక్క చుక్క పెట్టాడు. దానికి డబ్బు తీసుకోలేదు.